లోపలి సంతకం

"షెడ్డు తగలబడి నీ పన్నెండు గిటార్లూ బూడిదయ్యాయిరా" అని ఊళ్ళో లేని నాకు అన్నయ్య ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

మూడోది ఇవాళ నా పుట్టినరోజుకి అన్నయ్యే ఇచ్చాడు. "నీకోసం ఎన్ని షాపులు తిరిగానో!" అన్నాడు. చుట్టాలు చప్పట్లు కొట్టారు.

తీగలు మార్చినప్పుడల్లా గిటారు లోపల, పైకి కనపడని చోట, పెన్సిల్‌తో తేదీ వేసి సంతకం పెట్టడం నా అలవాటు. అన్నయ్య రంగు మార్పించాడు గానీ లోపల చూసుకోలేదు.

తీగలు వదులు చేసి, ఫోను లోపలికి దూర్చి ఫోటో తీసి, వదిన చేతికిచ్చాను.

"గట్టిగా చదువు వదినా. అందరికీ వినపడాలి."

నాకేం ఆశ్చర్యం లేదు. పాత సామాన్ల షాపులో కొన్న మొదటి రెండింటిలోనూ అదే నా పాత సంతకం. అందుకే ఈసారి అన్నయ్య దగ్గర గిటారే కావాలని పట్టుబట్టాను. డబ్బు పెట్టి కొనే రకం కాదని తెలుసు.