తంగేడు చెక్క, బొల్లి మేక

రాళ్లగుట్ట మీద ఒక తంగేడు పొద ఉండేది. ఏ మేకా దాన్ని నోట పెట్టేది కాదు. ఎండ ముదిరితే మాత్రం బొల్లి మేక వచ్చి దాని పక్కన పడుకునేది.

ఒకనాడు మనుషులు కత్తులతో వచ్చి తంగేడు కొమ్మలు నరికి, చెక్క ఒలిచారు.

"పాపం, నీకు దిక్కెవరూ లేరు," అంది బొల్లి. "నాకు మా బుగ్గయ్య ఉన్నాడు. తవుడు పెడతాడు. వానొస్తే ఇంట్లో కట్టేస్తాడు. నామీద ఈగ వాలనివ్వడు."

"నా చెక్క వీళ్లకెందుకో?" అంది తంగేడు.

"నాకేం తెలుసు," అంటూ బొల్లి ఇంటిదారి పట్టింది.

ఆ చెక్కను దంచి, తోళ్లు నానబెట్టే తొట్టిలో వేశారు. ఊళ్లో జాతర అయిన కొన్నాళ్లకు, వెంట్రుకలు గీకేసిన తోలు ఒకటి అందులో వచ్చి పడింది.

"ఈ వగరు వాసన నాకు తెలుసు. తంగేడువి కదూ?" అంది తోలు.

చెక్క ఆ గొంతు గుర్తుపట్టింది. "బొల్లీ, నువ్వా?"

"నేనే. నిన్నిక్కడికి ఎందుకు తెచ్చారు?"

"నువ్వు కుళ్లిపోకుండా చూడటానికట."

తోలు నీళ్లలో హాయిగా పరుచుకుంది.

"చెప్పలేదూ, బుగ్గయ్య నన్ను బాగా చూసుకుంటాడని," అంది.

చెక్క తన వగరంతా మెల్లగా నీళ్లలోకి వదిలింది.