ఎర్ర గీత

"ఆ ఎర్ర గీత దిగేదాకా మిమ్మల్ని ఇంటికి పంపలేను బామ్మగారూ" అన్నాడు డాక్టరు.

"గీత దిగేదాకా నా మనవరాలు బడి గేటు పట్టుకుని నిలబడాలా నాయనా?" అంది బామ్మ. "నాలుగింటికి ఈ పక్కవీధిలో బడి వదిలేస్తారు. దాని అమ్మా నాన్నా ఆరు దాటితేగానీ పనుల్నుంచి రారు. నేను తప్ప దానికి దిక్కెవరు?"

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. బామ్మది కుట్టుపని. చొక్కాకి కాలరు కుడుతుంటే మిషను సూది బొటనవేల్లో దిగి విరిగింది. ఆ ముక్క తీసి, కట్టు కట్టి, ఇంజెక్షను పొడిచి గంటయింది. ఆ లెక్కన ఈపాటికి ఇల్లు చేరాల్సిన మనిషే. చేరనివ్వనిది బాగున్న చేతి మణికట్టుకున్న నల్లపట్టీ.

ఆ పట్టీ డాక్టరు పరిశోధనది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళ గుండె ఎంత కంగారు పడుతుందో, వాళ్ళని చూసే డాక్టరు గుండె ఎంత కంగారు పడుతుందో పక్కపక్కన పెట్టి చూడటం. పదేళ్ళుగా అదే రాస్తున్నాడు, కాలేజీలో అదే పాఠం చెబుతున్నాడు. ఎర్రచుక్క పట్టీ రోగికి, నీలిచుక్క పట్టీ డాక్టరుకి. బామ్మ రాగానే సిస్టరు హడావిడిగా ఇద్దరికీ కట్టేసింది. మంచం పక్కన చిన్న తెర మీద ఎర్ర గీతా, నీలి గీతా అప్పట్నుంచీ పాకుతూనే ఉన్నాయి.

"ఆ ఎర్రది మీది. నూట ముప్ఫై! పరుగుపందెంలో ఉన్నట్టుంది."

"మంచం దిగనిస్తేగా పరిగెత్తడానికి!"

"ఈ నీలిది నాది. చూశారా, స్కేలు పెట్టి గీసినట్టు లేదూ? ఇరవై ఏళ్ళ అలవాటు."

"నీ నోటితో నువ్వే అనుకోకు, దిష్టి తగులుతుంది."

డాక్టరు నవ్వి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బామ్మ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాడు. డెబ్భై ఆరు. తలెత్తి చూస్తే ఎర్ర గీత కూడా మెల్లగా అక్కడికే దిగుతోంది.

"అదే విచిత్రం. ఈసీజీ రెండుసార్లు తీశాం, ఏమీ లేదు. మనం పట్టుకోబోయేసరికి దాక్కుంటోంది."

"సరేగానీ, అన్నం తిన్నావా?"

"తింటానండీ."

"తింటానంటే తినలేదనేగా." బామ్మ సంచిలోంచి బత్తాయి తీసింది. "ఒలువు. నా బొటనవేలు పనికిరాదు. సగం నీకు, సగం నాకు."

నాలుగు తొనలు నోట్లో పడ్డాయో లేదో, సిస్టరు పరుగున వచ్చింది. "సార్, యాక్సిడెంటు కేసు! లారీ డ్రైవరట, ఊపిరి అందట్లేదు!"

డాక్టరు తొనలు మంచం మీదే వదిలి పరిగెత్తాడు. ఎర్ర గీత కొండెక్కింది.

"బామ్మగారూ, నూట నలభై! దడగా ఉందా?" అంది సిస్టరు భయంగా.

"నాకా? నిద్రొస్తోంది."

పావుగంటకి డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ మణికట్టు పట్టుకున్నాడు. మళ్ళీ గీత దిగింది. ఆయన కళ్ళు మెరిశాయి.

"గమనించారా? నేను వెళ్తే పెరుగుతోంది, వచ్చి కూర్చుంటే తగ్గుతోంది. పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే! డాక్టరు స్థిమితంగా ఉంటే ఆ స్థిమితం రోగికీ అంటుకుంటుంది. పైకి ఇలా మాట్లాడుతున్నారుగానీ, లోపల మీరు భయపడుతున్నారు."

"భయమా! పోనీలే, నీకు పనికొస్తుందంటే అలాగే రాసుకో. నన్ను మాత్రం నాలుగు కొట్టేలోగా వదులు."

అంతలో అవతలి మంచం దగ్గర్నుంచి మళ్ళీ పిలుపు. ఈసారి వెళ్ళిన డాక్టరు చాలాసేపు రాలేదు. గడియారం మూడున్నర దాటింది. బామ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది. ఎర్ర గీత తెర పై అంచుని తాకుతోంది.

డాక్టరు వచ్చాడు. ముఖం కడుక్కున్నట్టున్నాడు, కాలరంతా తడి. స్టూలు మీద కూర్చుని బామ్మ చెయ్యి అందుకున్నాడు. లెక్కపెట్టలేదు. ఊరికే పట్టుకున్నాడు.

"దక్కాడా?"

"లేదండీ."

"ఇంట్లోవాళ్ళకి చెప్పావా?"

"భార్య వచ్చింది. చెప్పాను."

బామ్మ తన పని సంగతి ఎత్తుకుంది.

"చొక్కా గుండీకి కాజా కుట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు నాయనా. బిగబడితే చెయ్యి వణుకుతుంది, కుట్టు వంకరపోతుంది. దారం లాగినప్పుడల్లా ఊపిరి వదిలెయ్యాలి. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మొదటిరోజు చెప్పే మాట అదే."

డాక్టరు పొడుగ్గా ఊపిరి వదిలాడు. గీత మెట్టు మెట్టుగా దిగింది.

"డెబ్భై ఎనిమిది" అంది సిస్టరు. "పంపించేద్దామా సార్? పాపం, బడి టైమవుతోంది."

"పంపించండి. కానీ బామ్మగారూ, రేపు తప్పకుండా గుండె డాక్టరుకి చూపించుకోండి. ఇంత కంగారు లోపల దాచుకోవడం మంచిది కాదు."

బామ్మ మంచం దిగి సంచి భుజాన వేసుకుంది. సిస్టరు ఆమె పట్టీ విప్పి, చర్మానికి ఆనే వైపు స్పిరిట్ దూదితో తుడవబోయి ఆగిపోయింది. దాన్ని డాక్టరు ముందు పెట్టింది. నీలిచుక్క.

డాక్టరు తన చేతి పట్టీ విప్పి తిరగేశాడు. ఎర్రచుక్క.

బామ్మ ఆ రెండు పట్టీలనీ, ఆయన ముఖాన్నీ చూసింది. గడియారం వంక చూసింది. సంచి దింపి, మంచం అంచున కూర్చుని, బాగున్న చెయ్యి ఆయన ముందుకు చాపింది.

"బడి వదలడానికి ఇంకా పావుగంట ఉంది. పట్టుకో నాయనా."