కలలొచ్చే మందు

కడుపులో గడ్డ తీయడానికి నన్ను బల్లమీద పడుకోబెట్టారు.

"కోత పూర్తయ్యేదాకా మత్తు నిలవాలి. గ్యాసు పీల్పిద్దామా, నరంలోకి మందెక్కిద్దామా?" అంటున్నారు మత్తు డాక్టరుగారు.

"తేడా ఏంటండీ?" అన్నాను.

"గ్యాసుకి వాంతులవుతాయి. నరానికిచ్చేదానికి పిచ్చి పిచ్చి కలలొస్తాయమ్మా."

"కలలదే ఇవ్వండి."

నర్సమ్మ పకపకా నవ్వింది. "సినిమాకొచ్చావా ఆదెమ్మా?"

నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే మత్తులోకి జారిపోయాను.

తెలివొచ్చేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నానట. కలలో, కల్లంలో ఎండుమిరపకాయల గుట్ట మీంచి నా కూతురు సువార్త జారుతోంది, తుమ్ముతోంది, "నువ్వూ ఎక్కవే అమ్మా" అంటోంది. అది పోయి మూడేళ్ళు. ఇన్నాళ్ళూ ఒక్కనాడూ కలలోకి రాలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నారు డాక్టరుగారు.

"మళ్ళీ ఎప్పుడు కోస్తారండీ?" అన్నాను.