మందు మిగిలిన ధాన్యం

“పరీక్షకిచ్చే మీ సంచీ కూడా నేనే నింపేత్తానక్కా. మీరు దూడ సంగతి చూసుకోండి,” అంది శ్రీవాణి, కళ్లంలోకి దిగుతూ.

కామాక్షికి ఒళ్లు మండింది. అత్తగారి ముందు తోటికోడల్ని కాదనలేకపోయింది.

కిందటి పంటప్పుడు ధాన్యంలో పురుగుమందు మిగిలిందేమోనని, పంట కొనే కంపెనీవాళ్లు పరీక్ష చేయించారు. శ్రీవాణి ధాన్యం నెగ్గింది. కామాక్షిది పోయింది. ఇద్దరి చేలకీ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఒకే మందు, ఒకే రోజు, కొట్టినవాడూ ఒకే కూలి, అంజిబాబు. అయినా కంపెనీ శ్రీవాణి పంటే కొంది. ఈసారీ పోతే జాబితాలోంచి కామాక్షి పేరు తీసేస్తామంది. అప్పటినుంచీ అత్తగారు బుచ్చమ్మకి ఒకటే పాట: “చిన్నదాని చెయ్యి మంచిది.”

శ్రీవాణి సంచులు రెండూ నింపి అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కోడానికి వెళ్లింది.

‘ఊరికే నింపుద్దా? నా సంచిలో ఏదో కలిపే ఉంటుంది’ అనుకుంది కామాక్షి. పేర్ల చీటీలు విప్పి, దీనిది దానికీ దానిది దీనికీ కట్టేసింది.

వారం తిరక్కుండా కంపెనీ మనిషి రవికుమార్ కొత్తపేట నుంచి వచ్చాడు.

“శ్రీవాణిగారిది పాసయ్యిందండి. కామాక్షిగారూ, మీది మళ్లీ పోయిందండి.”

చీటీలు మార్చింది గుర్తొచ్చింది కామాక్షికి. నెగ్గింది తన సంచి. చేతులారా తోటికోడలికి కట్టబెట్టింది.

“పెద్దది పట్టిందల్లా ఇంతేనండి,” అంది బుచ్చమ్మ.

“అలా అనకండి మామ్మగారూ. ఎండ తగిలినచోట మందు బేగా విరిగిపోద్ది. నీడనుంటే మిగిలిపోద్ది. పదిచోట్ల తీసి కలపమనేది అందుకేనండి.”

“గట్టుకి ఇటూ అటూ అంత తేడా ఉంటదా?” అంది కామాక్షి.

“ఆయ్, ఒక్క చేలోనే ఉంటదండి. గుప్పెడుకీ గుప్పెడుకీ లెక్క మారిపోద్ది.”

“మరి నా పేరు?”

“తీసేసేరండి.”

అతని బండి మలుపు తిరిగేదాకా ఆగింది కామాక్షి.

“చల్లగా ఉందా నీకు? మళ్లీ గెలిచేవుగా! నా సంచి ముట్టుకోమని ఎవరేడిచేరే నిన్ను?”

శ్రీవాణి కొంగుతో కళ్లొత్తుకుంది.

“మీరు నెగ్గాలని మీ సంచిలోనూ నా ధాన్యమే పోసేనక్కా.”