అవ్వ తెచ్చుకున్న సగం

ధర్మవరంలో పక్కింటి మగ్గానికి పని ఎక్కువైతే, కుళ్ళాయమ్మ వాళ్ళు అడగకుండానే సగం తన మగ్గానికి తెచ్చుకునేది. ఆమె పోయాక, పరిశోధకురాలైన మనవరాలు నాగజ్యోతి ఆ గుణాన్నే తన ప్రోగ్రాములో పెట్టింది. ఒక కంప్యూటరు మీద భారం పెరిగితే మిగతావి తమలో తాము బేరమాడుకుని, అది అడగకముందే పంచుకోవాలి.

ఒక రాత్రి, అవ్వ ఇంట్లో పెట్టుకున్న ఆ కంప్యూటర్లన్నీ పనితో నిండిపోయాయి. పంచుకోవడానికి ఒక్కటీ ఖాళీ లేదు. అయినా భారం సగానికి తగ్గింది.

పక్కన తాళం వేసిన గదిలో, పోగు కూడా లేని అవ్వ మగ్గం టకటకమంటోంది.

నాగజ్యోతి తలుపుకు చెవి ఆనించింది. "చాలవ్వా. నీకు కండ్లు సరిగా కనపడవు. పండుకోపో, నేను చేసుకుంటాలే."

మగ్గం ఆగింది. వెంటనే కంప్యూటర్ల ఫ్యాన్లన్నీ హోరెత్తాయి.

ఆ హోరు లోపలికీ వినిపించినట్టుంది. మగ్గం మళ్ళీ మొదలైంది, ఈసారి పిల్లకు వినబడకూడదన్నట్టు, మెల్లగా.