ముద్ద ముట్టని పాఠం

“ఏంది మేడం గిది? వండిన అన్నం వండినట్లే ఉన్నది. పోరగాండ్లు గోడకు ఆనుకొని కూసున్నరు. మీరే ఎగదోసిన్రా?”

హెడ్మాస్టరు మహిపాల్ గొంతులో మర్యాద కొంచెమే మిగిలింది. పద్మజ కూడా తగ్గలేదు.

“ఎగదోయలేదు సార్, పాఠం చెప్పాను. బస్సుల్లో వెనక సీట్లకు పొమ్మన్నందుకు అమెరికాలో నల్లవాళ్లు బస్సులే ఎక్కడం మానేసి ఏడాదికి పైగా నడిచారని చెప్పాను. అన్యాయం కనబడితే ఈ రోజుల్లో కూడా అలాగే కలిసి నిలబడాలన్నాను. తప్పా?”

“తిమ్మాజిపేట పక్క పల్లెల అమెరికా ముచ్చట్లు మనకెందుకు మేడం?”

పద్మజకు మండిపోయింది. హైదరాబాదు నుంచి ఈ బడికి వచ్చి మూడు నెలలు. చరిత్రంటే మార్కుల కోసం కాదని నమ్మే మనిషి. సర్కారు మధ్యాహ్న భోజనం మొదలై అప్పటికి ఏడాది దాటింది. పాఠం చెప్పిన మర్నాడే ఎనిమిదో తరగతి రాకేష్ అన్నంలో వచ్చిన రాయి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. “మీరు చెప్పినట్లే చేస్తం టీచర్. వంటామెను మార్చేదాంక ముద్ద ముట్టం” అన్నాడు. ఆ మాటకు ఆమె ఒళ్లు పులకరించింది.

“రాళ్లు డీలరు ఇచ్చే బియ్యంలనే వస్తున్నయి. బాలమ్మ ఏం చేస్తది? మొగడు బొంబాయికి పనికి పోయి పత్తా లేడు. ఈ వంట పోతే ఆమెకు బతుకు లేదు. జర సమజ్ చేస్కోండి” అన్నాడు మహిపాల్.

“బియ్యం ఏరుకోవడం కూడా డీలరు పనేనా? పిల్లలు హక్కు అడుగుతుంటే మీకెందుకు భయం?”

మహిపాల్ ఏదో చెప్పబోయి, గేటు దగ్గర నిలబడ్డ రాకేష్ తండ్రిని చూసి నోరు మూసుకున్నాడు. పిరికి మనిషి అనుకుంది పద్మజ.

వరండాలో కొందరు మాత్రం తింటున్నారు. వాళ్లలో బాలమ్మ కూతురు మనీషా ఒకతి.

“నీ తోటివాళ్లు పస్తులుంటే నీకు ముద్దెలా దిగుతోంది?” అని నిలదీసింది పద్మజ. మనీషా తల దించుకుని లేచింది. సగం అన్నం పళ్లెంలోనే ఉండిపోయింది.

గరిటె పట్టుకునే వచ్చింది బాలమ్మ.

“తినే పిల్లను లేపుతవా టీచరమ్మా? నేనేం పాపం జేసిన?”

“నీ మీద నాకు కోపం లేదు బాలమ్మా. అన్నంలో రాళ్లున్నాయి, అంతే.”

“రాళ్లు అన్నంల లేవు టీచరమ్మా. సదువుకున్నదానివి, నీకు నా నోటితోనే చెప్పాల్నా?”

పొగరు కాకపోతే ఏమిటి అనుకుని పద్మజ మొహం తిప్పుకుంది.

నాలుగో రోజుకు తండ్రులంతా బడి మీదికి వచ్చారు. వంట మనిషిని మార్చకపోతే పిల్లల్నే మాన్పిస్తామన్నారు. మహిపాల్ చేతులెత్తేశాడు. పోతూ పోతూ రాకేష్ తండ్రి పద్మజకు దండం పెట్టి, “ఇన్నేండ్లకు మంచి టీచర్ దొరికిన్రు మా పిల్లలకు” అన్నాడు. ఆమె కళ్లు చెమర్చాయి.

బాలమ్మ గిన్నెలు తోమి బోర్లించి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మనీషా బడికి రాలేదు. తల్లితో పాటు గద్వాల వైపు పత్తి విత్తనాల పనికి పోయిందని ఎవరో చెప్పారు. పద్మజకు బాధేసింది. ఏ పోరాటంలోనైనా ఎవరో ఒకరు నష్టపోక తప్పదని తనకు తానే నచ్చచెప్పుకుంది.

సోమవారం కొత్తామె ఉమారాణి వంటకు దిగింది. గంట కొట్టగానే పిల్లలంతా పళ్లేలతో వరుస కట్టారు. గెలిచినవాళ్లతో కలిసి తిందామని పద్మజ కూడా రాకేష్ పక్కన కూర్చుంది. రెండో ముద్దలోనే పన్ను కింద రాయి కలుక్కుమంది. రాకేష్ మాత్రం తన ముద్దలోని రాయిని తీసి పారేసి, హాయిగా తింటున్నాడు.

“బియ్యం అవే, రాళ్లూ అవే కదరా. మరి ఇప్పుడెలా తింటున్నారు?”

రాకేష్ ఆమెను వింతగా చూశాడు.

“ఇప్పుడు వండేది మా కులపామె గద టీచర్.”