యాలకులు లేని బూరెలు

"ఛీ, ఛీ! ఎవర్తే అది? ముందు బయటికి తోలండి!"

నగరేశ్వరరావు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు.

రైల్వే ఊరి గోల్‌బజార్‌లో అతని బట్టలకొట్టు, కొట్టు వెనకే ఇల్లు. మర్నాడు కూతురు గౌరి పెళ్ళి. ఆ వేళ ఇంటి పేరంటాలికి చీర పెడుతున్నారు. సరిగ్గా అప్పుడే ఒక ముసలిది వచ్చి గుమ్మంలో నిలబడింది.

కాలికి గుడ్డ చుట్టుకుంది. గుడ్డలోంచి చీము కారుతోంది. ఈగలు ముసురుతున్నాయి.

"పెళ్ళికూతుర్ని ఓపాలి సూసి ఎల్లిపోతాను బాబూ. ఇంకేటీ వద్దు."

"సూడ్డానికి ఇదేటి, జాత్రా? జావ్! జావ్!"

ముసలిది కదల్లేదు. అతని మొహంలోకే చూస్తోంది.

"ఆ సూపేటి? కర్మ! మళ్ళీ నీళ్ళోసుకోవాలి," అంటూ నగరేశ్వరరావు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

బతికున్నవాళ్ళ కంపు భరించలేని ఈ పెద్దమనిషికి చచ్చినవాళ్ళంటే మహాభక్తి. వాళ్ళ పేరంటాలు ఎవరో కాదు, అతని కన్నతల్లి కన్యకాంబ. శ్రీకాకుళం నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో, అతను పాలు తాగే వయసులో, కలరా తగిలి పసుపు కుంకాలతో పోయిందట. ఫోటో అయినా లేదు. మేనత్త నాగేశ్వరమ్మ ఏటేటా ఆ కథ చెబుతుంది, దగ్గరుండి బూరెలు వండిస్తుంది. యాలకుల వాసనకే కన్యకాంబకు డోకొచ్చేదట. అందుకని ఆమెకు పెట్టే బూరెల్లో యాలకులు వెయ్యరు.

గౌరి గుమ్మం దగ్గరికి వచ్చింది. ముసలిది ఆమెను కళ్ళారా చూసుకుంది. తర్వాత లోపలికి తొంగి చూసింది. పీట మీద పసుపు రాసిన కొత్త చీర, పక్కన బూరెల పళ్ళెం.

"ఆ సీర ఎవరికమ్మా?"

"మా పేరంటాలికి. మా నాన్నమ్మలే. ఎప్పుడో సచ్చిపోయి దేవతైపోయింది."

ముసలిది ఆ చీరకేసే చూస్తూ ఉండిపోయింది.

"మంచి సీరే పెడతన్నారు," అంది చివరికి. "ఇలా రా తల్లీ, ఓపాలి నెత్తి మీద సెయ్యేసి ఎల్లిపోతాను."

ఆ చేతికేసి చూసి గౌరి వెనక్కి జరిగింది. పాపం అనిపించింది. అసహ్యమూ వేసింది. అసహ్యమే గెలిచింది. పళ్ళెంలోంచి ఓ బూరె తీసి, చెయ్యి తగలకుండా పైనుంచి వదిలింది.

ముసలిది దాన్ని కొంగులో పట్టుకుంది. కొరికింది. ఏదో అని, కాలీడ్చుకుంటూ స్టేషన్ వైపు వెళ్ళిపోయింది.

గుమ్మంలో ఫినాయిల్ పోసి కడిగించారు. రైల్వే ఊళ్ళో ఫినాయిల్‌కేం కరువు!

తడిబట్టలతో వచ్చిన నగరేశ్వరరావు చీర ముందు సాష్టాంగపడ్డాడు.

"అమ్మా, నువ్వుంటే నెత్తినెట్టుకుని సూసుకుందును," అని కళ్ళు తుడుచుకున్నాడు.

నాగేశ్వరమ్మ నైవేద్యానికి పళ్ళెం అందుకుని ఆగిపోయింది.

"ఇందులో ఎవరు సెయ్యెట్టినారు?"

"ఆ ముసలిదానికి ఒకటిచ్చినాను మామ్మా," అంది గౌరి.

"నీకు బుద్ధుందా? పేరంటాలికి పెట్టకుండా ఎవర్తో ముష్టిదానికి పెడతావా? రేపు పెళ్ళనగా అపచారం సేసినావు కదే!"

"ఆకలి మీదుందనుకున్నాను. అదో పిచ్చిది మామ్మా. బూరె కొరికి నవ్వింది. 'యాలకులు ఎయ్యలేదు, నాకు పడవని ఇంకా గురుతెట్టుకున్నారే' అంది."

నాగేశ్వరమ్మ పళ్ళెం కింద పెట్టింది. పక్కనే కూలబడింది.

"ఏటత్తా? ఏటైంది?" అన్నాడు నగరేశ్వరరావు.

ఆమె అతని మొహం చూడలేదు. గుమ్మంలో ఇంకా ఆరని ఫినాయిల్ తడినే చూస్తోంది. స్టేషన్‌లో బండి కూత వేసింది.

"వాంతులు, ఒకటే కంపు. అసయ్యమేసి ఎవరం దగ్గరికెల్లలేదు. లైను పక్క కలరా షెడ్డులో ఒదిలేసి వచ్చేసినాం."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అప్పటికింకా మీయమ్మకి ఊపిరాడతంది నాయనా."